ఫానీ ప్రైస్ నిరాకరణము

మూడవ జార్జి రాజు మతిభ్రమణమునకు లోనుకాగా యువరాజు 1811 మొదలు 1820 వరకు ప్రతినిధిగా ఇంగ్లండు నేలిన కాలమును నేపథ్యముగా గొని నేటికిని వెలువడుచున్న ప్రణయనవలలలో, అపఖ్యాతి మూటగట్టుకొనిన విటుడొకడు దృఢసంకల్పయైన కన్యక ప్రేమచేత పునీతుడగుట పరిపాటి. కల్పన మనోహరమే, నాకు మాత్రము సమ్మతము కాదు.

ఆనాటి చట్టమున వివాహితకు ప్రత్యేకాస్తిత్వము లేదు. ఆమె ధనము భర్తది, బిడ్డలపై హక్కు తండ్రిది. విటుని సంస్కరింపబూనుట యనగా సర్వస్వమును పణమొడ్డుటయే. బైరన్ కవిని 1812లో కాదని, పిమ్మట మనసు మార్చుకొని 1815 జనవరిలో పెండ్లాడిన అనబెల్లా మిల్‌బాంక్, గణితనిపుణ, ధర్మచింత గలది, ఏడాది తిరుగునప్పటికి ఐదు వారముల పసికందు అడాను ఎత్తుకొని పుట్టింటికి వెడలిపోయినది. ఎంతటి వివేకవతి! ఆ వివేకమే ఆమెను ముందుగా కాపాడలేకపోయినది.

జేన్ ఆస్టెన్ 1814లోనే ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ నవలలో ఈ ప్రమాదమును గుర్తించినది. పెద్దమ్మ యింట ఆశ్రితురాలైన ఫానీ ప్రైస్, ధనవంతుడును వాక్చతురుడును అగు హెన్రీ క్రాఫర్డ్ తన్ను పెండ్లాడుమని కోరినప్పుడు, అతడు తన కన్నులయెదుటనే పెద్దమ్మ కూతుండ్రగు అక్కచెల్లెండ్ర హృదయములతో ఆడుకొనిన తీరును మరువలేదు. పెదతండ్రి కృతఘ్నురాలని నిందించినను, దారిద్ర్యము రుచిచూపుటకై పోర్ట్స్‌మత్‌లోని ఇరుకింటికి పంపినను, తల్లి సణుగుడునకును తండ్రి త్రాగుడునకును నడుమ తమ్మునికి బట్టలు కుట్టుచు కూర్చున్నదేగాని, ఆ పిల్ల ఔననలేదు.