ఆడే పిల్లలను రాత్రి తొమ్మిదికల్లా పడుకోబెడదాం!

అమ్మలారా, నాన్నలారా! కోచ్‌లకు, పీఈటీ సార్లకు, ట్యూషన్ మాస్టర్లకు మా విన్నపం.

పొద్దున అయిదున్నరకు హైదరాబాద్ ఎల్బీ స్టేడియం గేటు దగ్గర నిలబడి చూడండి. అబిడ్స్, నాంపల్లి, గన్‌ఫౌండ్రీ పిల్లలు నాన్న వీపుకు తల ఆనించి, బండి మీద కునుకుతూ వస్తారు. రాత్రి ట్యూషన్ నుంచి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. తిండి, హోంవర్కు, కాసేపు ఫోను. పడుకునేసరికి పదకొండున్నర, లేచేది అయిదుకు. అంటే అయిదున్నర గంటల నిద్రతో పరుగెత్తమంటున్నాం.

1990ల చివర్లో ఇదే స్టేడియానికి ఎనిమిదేళ్ల సైనా నెహ్వాల్‌ను తండ్రి తెల్లవారకముందే స్కూటర్ మీద తెచ్చేవారు. పిల్ల నిద్రలో జారిపోతుందని తల్లి ఉషారాణి వెనక కూర్చుని పట్టుకునేవారు. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో ఆ పిల్ల బ్యాడ్మింటన్‌లో కాంస్యం గెలిచింది. "నిద్ర మానుకుంటేనే పతకం వస్తుంది" అని దీన్ని చూపించి అనేవాళ్లున్నారు. అది తప్పు. పతకం తెచ్చినవాళ్ల గురించి పేపర్లో రాస్తారు. మోకాలు దెబ్బతిని ఎనిమిదో తరగతిలోనే ఆట మానేసినవాళ్ల గురించి ఎవరు రాస్తారు?

లాస్ ఏంజెలెస్‌లో స్కూలు క్రీడాకారులను పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఎనిమిది గంటలకంటే తక్కువ నిద్రపోయే పిల్లలకు గాయాలయ్యే అవకాశం 1.7 రెట్లు ఎక్కువని తేలింది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు కొన్ని వారాలపాటు నిద్ర పెంచుకుంటే ఫ్రీ త్రోల గురి 9 శాతం మెరుగైంది. ఎదుగుదల హార్మోను గాఢనిద్రలోనే ఎక్కువగా ఊరుతుంది. పగలు నేర్చుకున్న షాటు మెదడులో కుదురుకునేదీ రాత్రే. 13 నుంచి 18 ఏళ్లవాళ్లకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలి, అంతకంటే చిన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. టీనేజీలో నిద్ర ఆలస్యంగా రావడం ఒంటి గడియారం తీరు. దాన్ని బద్ధకమని తిట్టకండి.

ఎండ, ట్రాఫిక్ వల్ల పొద్దుటి ప్రాక్టీసును వెనక్కి జరపలేం. రాత్రి పడుకునే వేళనే ముందుకు జరపాలి. పదింటికి అన్నం తినడం మన ఊరి అలవాటే, కానీ ఆడే పిల్లకు ఏడున్నరకే పెట్టండి. ఎనిమిదికి ఫోను తీసుకుని అల్మారా మీద పెట్టండి, మీదీ దాని పక్కనే పెట్టండి. మాస్టర్లూ, ఆటల పిల్లలను మొదటి బ్యాచ్‌లో కూర్చోబెట్టి ఏడింటికి వదిలేయండి. జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్ వస్తుంది, అక్కడికి వెళ్తే ఇల్లు చేరేసరికి ఆలస్యమవుతుంది. మర్నాడు ప్రాక్టీసు లేని రోజు చూసుకుని తీసుకెళ్లండి.

కోచ్‌లూ, రేపటి నుంచి వార్మప్‌కు ముందు ప్రతి పిల్లనూ పిల్లవాణ్నీ ఒక్క ప్రశ్న అడగండి: "రాత్రి ఎన్నింటికి పడుకున్నావు?" పదకొండు దాటిందంటే ఆ రోజు స్ప్రింట్లు వద్దు. తేలిక వ్యాయామం చేయించి ఇంటికి పంపండి. వాళ్ల అమ్మానాన్నలకు ఫోన్ చేసి చెప్పండి.

– స్టేడియం గేటు దగ్గర రోజూ ఎదురుచూసే కొందరు తల్లిదండ్రులం