డొంక పోతే మంద రాదు, ఎరువు రాదు



మనం ప్రకృతి వ్యవసాయం మీద ఎన్ని వీడియోలు చేసినా విత్తనం, కషాయం, దిగుబడి దగ్గరే ఆగిపోతున్నాం. పొలానికి దారి సంగతి ఎవరం ఎత్తడం లేదు. పై వీడియోలో చూశారు కదా, ఒకప్పుడు రెండెడ్ల బండి పోయిన డొంక ఇప్పుడు మనిషి నడిచే గట్టంత అయింది. ఎవరూ ఒక్క రోజులో ఆక్రమించలేదు. ఏడాదికొక సాలు చొప్పున అటువాళ్ళు కొంత, ఇటువాళ్ళు కొంత దున్ని కలుపుకున్నారు.

దారి లేకపోతే అందరికీ ఇబ్బందే. కానీ మనకు ఇంకా ఎక్కువ. యూరియా వాడే రైతు 45 కిలోల బస్తా నెత్తిన పెట్టుకుని గట్టు మీద వెళ్ళిపోతాడు. మనకు ఎకరాకు ఒక్క దఫాకే 200 లీటర్ల ద్రవ జీవామృతం కావాలి. 20 లీటర్ల క్యానుతో మోస్తే 10 తిరుగుళ్ళు, 5 ఎకరాలైతే 50. ఆపైన ఘన జీవామృతం, పశువుల ఎరువు, మల్చింగుకు గడ్డి. ఇవన్నీ బండి మీదో ట్రాక్టరు మీదో పోవాల్సినవే. దారి లేక ఎరువు తోలడం మానేసినవాళ్ళను చూస్తున్నాం. వాళ్ళకు పద్ధతి మీద నమ్మకం పోలేదండీ, నడుములు పోయాయి.

ఇంకో సంగతి. డొంక అంటే దారి ఒక్కటే కాదు, ఊరి పశువులకు మేత కూడా. పంటలున్న కాలంలో ఆవు నాలుగు పరకలు కొరికేది డొంక గట్టునే. గొర్రెల మంద పొలంలో పడుకోవాలన్నా డొంక మీదుగానే రావాలి. డొంక మూసుకుపోతే మంద రాదు, ఆవును మేపేవాడు అమ్మేస్తాడు. అప్పుడు పేడ, పంచితం కొనుక్కుని చేసేది ఏం ప్రకృతి వ్యవసాయం?

ఇప్పుడు మన వాళ్ళ గురించి కూడా ఒక మాట చెప్పాలి. పట్నం నుంచి వచ్చి ఐదారెకరాలు కొని, చుట్టూ కడీలు పాతి ఫెన్సింగ్ వేసి, లోపల ఐదంచెల తోట పెడుతున్నారు. సంతోషమే. కానీ ఆ కంచెలో పాత పుంత కూడా పడిపోయి, వెనకున్న నలుగురు చిన్న రైతులు చుట్టూ తిరిగి పోతున్న ఊళ్ళు ఉన్నాయి. మన తోటలో వానపాములు పెరిగి పక్కవాడి బండి ఆగిపోతే, అది ప్రకృతి వ్యవసాయం అని ఊరు ఒప్పుకోదు.

"దారి తెరిస్తే పశువులు పడి నవధాన్యాల పచ్చిరొట్ట మేసేస్తాయి" అంటారు. నిజమే. వేసవిలో ఊరంతా ఖాళీగా ఉండి మన చేను ఒక్కటే పచ్చగా ఉంటే పశువు అటే వస్తుంది. దానికి మందు డొంక మూయడం కాదు. డొంక అంచు వదిలి, మన హద్దు మీద గ్లిరిసీడియాతో దగ్గర దగ్గరగా జీవకంచె పెట్టుకోవాలి. కాపరులతో ముందే మాట్లాడుకుని, కోత అయ్యాక మందకు చేను ఇవ్వాలి. దారి వాళ్ళకు, ఎరువు మనకు.

ఇక హక్కుల సంగతి. దారులు రెండు రకాలు. మొదటిది గ్రామ నక్షలో, ఎఫ్‌ఎంబీలో ఉన్న డొంక, పుంత, బండ్ల బాట. అది ప్రభుత్వ భూమి, ఎవరి పట్టాలోనూ కలవదు. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులంటే 66 అడుగులు, కాబట్టి 25 లింకుల డొంక అంటే పదహారున్నర అడుగులు. నకలు తీసుకుని సర్వేయరుతో కొలిపించండి. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరి 28న జగపాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఏళ్ళ తరబడి అనుభవిస్తున్నామన్న మాట దానికి అడ్డు కాదని కూడా అంది.

రెండోది పట్టా భూమిలోంచి పోయే దారి. దీనికి 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం ఉంది. 20 ఏళ్ళు బహిరంగంగా, అడ్డు లేకుండా, హక్కుగా నడిస్తే హక్కు వస్తుంది. దయతలచి పోనిచ్చిన దారికి ఇది వర్తించదు. అడ్డుకున్నాక రెండేళ్ళలోపు దావా వేయకపోతే చిక్కు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు వెనక ముక్కకు వేరే దారి లేకపోతే, ముందు ముక్కలోంచి దారి అడిగే హక్కు కూడా ఇదే చట్టంలో ఉంది.

కానీ సివిల్ కోర్టుకు పోతే పంట ఆగదు కదా. మహారాష్ట్రలో 1906 నాటి మామ్లతదార్ కోర్టుల చట్టం కింద పొలం దారి అడ్డును తహసీల్దారే తీయించగలడు. మన రెండు రాష్ట్రాల్లోనూ మండల స్థాయిలోనే తేలిపోయే అలాంటి పద్ధతి కావాలని రైతు సంఘాలు గట్టిగా అడగాలి.

అంతదాకా మన చేతిలో ఉన్నవి చేద్దాం. రీసర్వే జరిగిన ఊళ్ళలో కొత్త మ్యాపులో డొంక పాత వెడల్పుతోనే ఉందో లేదో పాత నక్షతో సరిచూసుకోండి. భూమి కొనేటప్పుడు దారి హక్కును దస్తావేజులో రాయించుకోండి. గ్రామసభలో డొంకల జాబితా పెట్టి తీర్మానం చేయించండి.

అన్నిటికంటే ముందు, మన హద్దులో కలిసిన డొంక ముక్కను మనమే వదలాలి. సంఘంలో పది మంది రైతులు తమ గట్టు వెనక్కి జరిపితే పదకొండోవాడిని అడిగే నోరు వస్తుంది. వేసవిలో చేలు ఖాళీగా ఉన్నప్పుడే ఈ పని అవుతుంది. తొలకరి పడి నాగలి కట్టాక ఎవరూ సాలు వెనక్కి తీయరు.