డబ్బా నోరు మూస్తేనే పాట

మెట్‌పల్లిలో పాత ఇళ్ల సజ్జలు దులిపితే రాలేది దుమ్మొక్కటే కాదు, కేసెట్లు కూడా. దుబాయ్, మస్కట్, సౌదీ పోయినవాళ్లు సెలవు మీద వస్తూ టూ ఇన్ వన్ వెంట తెచ్చుకున్న కాలం ఒకటుంది. బీడీలు చుట్టే చేతుల పక్కన ఆ టేప్‌రికార్డర్ పాడుతూనే ఉండేది. సినిమా పాటలు, ఒగ్గు కథలు, భజనలు, పెళ్లి పాటలు... వాటి మధ్యలో పేరు రాయని కేసెట్లు కొన్ని. వాటిలో పాటలుండవు. ఉత్తరం రాయడం రానివాళ్లు, రాసినా తనివి తీరనివాళ్లు గొంతునే నింపి పంపిన మాటలుంటాయి. ‘అమ్మా, మంచిగున్నవా’ అంటూ మొదలయ్యే ఉత్తరాలన్నమాట.

సినిమా పాటలు ఇవాళ ఫోన్లోనే దొరుకుతాయి. ఆ గొంతులు మాత్రం ఎక్కడా దొరకవు. ఫిలిప్స్ కంపెనీ 1963లో లోకానికి పరిచయం చేసిన ఈ కేసెట్‌లో మాటను మోసేది సన్నటి ప్లాస్టిక్ పట్టీ మీద పూసిన అయస్కాంత పొడి. ఏళ్లు గడిచేకొద్దీ అది బలహీనపడుతుంది, చెమ్మకు బూజు పడుతుంది. కాబట్టి ఆ గొంతులను కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. ఎక్కించాక మంచి బాక్సుల్లో హాయిగా వినాలి. వినే గదిలోనే ఉండే కంప్యూటర్ కదా, దానికి ఉండాల్సిన మొదటి గుణం ఏమిటి? వేగం కాదు... మౌనం!

మెత్తటి మాటను మింగేసే ఫ్యాన్

రాత్రి పూట ప్రశాంతంగా ఉన్న పడకగదిలో చప్పుడు 30 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. మామూలు మాట 60. పాత డెస్క్‌టాప్ పక్కన కూర్చుంటే దాని హోరు 40 దాకా వినిపిస్తుంది. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి చప్పుడు దాదాపు రెట్టింపు అనిపిస్తుంది. అంటే ఆ గది నిశ్శబ్దాన్ని ఆ డబ్బా సగానికి సగం తినేసిందన్నట్టే. డప్పు దెబ్బకు వచ్చిన లోటేమీ లేదు. తగ్గు స్వరంలో పలికే వేణువు, పాటకూ పాటకూ నడుమ తీసే ఊపిరి, మాట మధ్యలో పడే గొంతు జీర... పోయేవి ఇవే. కేసెట్‌కు ఎలాగూ తనదైన ‘స్‌స్‌’ ఉంటుంది. దాని మీద ఫ్యాన్ హోరు కూడా చేరితే రెండు తెరల వెనక నుంచి విన్నట్టే.

ఇక్కడ అందరూ సీపీయూ అని పిలిచే ఆ డబ్బాలో చప్పుడు చేసేవి ప్రధానంగా మూడు. ప్రాసెసర్ మీది ఫ్యాన్, కరెంటు సరఫరా చేసే పెట్టెలోని ఫ్యాన్, నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్. మూడోదాని సంగతి తేలిక. తిరిగే భాగాలే లేని ఎస్ఎస్‌డీ వేస్తే ఆ గొడవ అక్కడితో సరి. మిగిలిన రెండు ఫ్యాన్లూ ఎందుకు తిరుగుతున్నాయి? వేడి ఉంది కాబట్టి. చప్పుడుకు మూలం ఫ్యాన్ కాదు, వేడి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

మే నెల లెక్క వేరు

చల్లటి దేశాల్లో రాసిన సలహాలు మెట్‌పల్లికి పూర్తిగా పనికిరావు. ఒకప్పటి కరీంనగర్ జిల్లాలో, 2016 నుంచి జగిత్యాల జిల్లాలో ఉన్న ఈ ఊళ్లో మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. స్లాబు ఇల్లయితే రాత్రి కూడా పైకప్పు సెగ కక్కుతుంది. లెక్క చాలా సులువు. ప్రాసెసర్ గది వేడి కంటే 35 డిగ్రీలు ఎక్కువగా కాగుతుందనుకుందాం. డిసెంబర్ రాత్రి గది 20 డిగ్రీలుంటే అది 55 దగ్గర ఆగుతుంది. మే మధ్యాహ్నం గది 40 ఉంటే 75కు చేరుతుంది. యంత్రం అదే, పాట అదే... ఫ్యాన్ మాత్రం పరుగందుకుంటుంది.

అందుకే ఇక్కడ మొదటి సూత్రం చల్లబరచడం కాదు, అసలు వేడి పుట్టకుండా చూసుకోవడం. 2004 ప్రాంతపు పెంటియం 4 ప్రాసెసర్లు 100 వాట్లకు అటూఇటూ వేడి పుట్టించేవి. ఇంటెల్ 2023లో తెచ్చిన ఎన్100కు కంపెనీ ఇచ్చిన లెక్క 6 వాట్లు. పాట వినిపించడం కంప్యూటర్‌కు చిటికెలో పని, దానికి ఈ చిన్న ప్రాసెసర్ ధారాళంగా సరిపోతుంది. అసలు ఫ్యానే లేకుండా, పైన అల్యూమినియం రెక్కలున్న లోహపు పెట్టెలోనే దీన్ని అమ్మేవాళ్లున్నారు. ఆ పెట్టే వేడిని గాలిలోకి వదిలేస్తుంది. రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటర్‌నూ అలాంటి లోహపు పెట్టెలో బిగించి పాటలకు వాడుకోవచ్చు.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చిన్నదంటే మౌనంగా ఉండేదని కాదు! చిన్న పెట్టెల్లో చాలావాటికి బుల్లి ఫ్యాన్ ఉంటుంది. ఫ్యాన్ చిన్నదైతే అంతే గాలి తోలడానికి మరింత వేగంగా తిరగాలి. అప్పుడు హోరు బదులు దోమలా ‘కీ’మంటుంది. అది మరీ చిరాకు. ‘ఫ్యాన్ లేనిదే కావాలి’ అని అడిగి, చూసి తీసుకోవాలి.

కరెంటు లాభం అదనం. 100 వాట్ల యంత్రం రోజుకు 5 గంటలు నడిస్తే నెలకు 15 యూనిట్లు. 10 వాట్లదైతే ఒకటిన్నర.

పాతదాన్ని పారేయక్కర్లేదు

ఇంట్లో ఉన్న డెస్క్‌టాప్‌తోనే నెట్టుకురావాలనుకునేవారికీ దారి ఉంది. ముందు డబ్బా విప్పి దుమ్ము దులపాలి. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము పట్టిస్తే ఎంత పెద్ద ఫ్యానైనా అరవాల్సిందే. ఎండిపోయిన థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాయాలి. గేముల కోసం వేసిన గ్రాఫిక్స్ కార్డు ఉండి, బోర్డులోనే వీడియో సదుపాయం ఉంటే ఆ కార్డు తీసేయొచ్చు. డబ్బా వెనక 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్నచోట 120ది పట్టే వీలుంటే అదే మేలు. పెద్ద రెక్కలు నెమ్మదిగా తిరిగినా అంతే గాలి వస్తుంది. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ వేగాన్ని తగ్గించి పెడితే పాటకు ఏమీ కాదు, వేడి తగ్గుతుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్‌తో ముగిసింది. కొత్త విండోస్ పట్టని పాత యంత్రాలకు ఉచితంగా దొరికే లైనక్స్ చక్కగా నప్పుతుంది.

ఎక్కడ పెడుతున్నామన్నదీ ముఖ్యమే. షోకేసులో పెట్టి అద్దం మూస్తే చప్పుడు తగ్గిందనిపిస్తుంది. పది నిమిషాల్లో లోపల వేడెక్కి ఫ్యాన్ రెట్టింపు అరుస్తుంది. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి పైనా వెనకా జానెడు ఖాళీ వదలాలి. అలాగని కూలర్ ఎదురుగా పెట్టడం తప్పు. ఆ తడిగాలి బోర్డుకు చేటు. అన్నట్టు, కూలర్ మోగుతున్నంతసేపూ కంప్యూటర్ చప్పుడు ఎవరికీ వినిపించదు. ఈ కష్టమంతా కూలర్ మూలకు చేరాక మిగిలే నెలల కోసమే!

‘గుయ్’మనే బాక్సులు

ఫ్యాన్ ఆగినా కొన్ని ఇళ్లలో బాక్సులు ‘గుయ్’మంటూనే ఉంటాయి. అది 50 సైకిల్స్ కరెంటు పాడే పాట. యాంప్లిఫయర్ ఒక గదిలో ప్లగ్గుకు, కంప్యూటర్ మరో ప్లగ్గుకు పెడితే ఎర్తుల మధ్య తేడా వల్ల ఈ మోత పుడుతుంది. రెండింటినీ ఒకే బోర్డు నుంచి ఇస్తే చాలాసార్లు పోతుంది. మోత పోవాలని ఎర్తు పిన్ను విరగ్గొట్టేవాళ్లున్నారు. అది ప్రాణాలతో చెలగాటం. ఎండాకాలం ఎర్తు గుంతలో నీళ్లు పోసే పాత అలవాటే నయం. ఇన్వర్టర్ ఉన్నవారు సైన్‌వేవ్ రకం తీసుకుంటే కరెంటు పోయినప్పుడు వచ్చే గరగర ఉండదు. డబ్బా లోపలి విద్యుత్ గోల పాటలో కలుస్తుంటే యూఎస్‌బీ డాక్ అనే చిన్న పరికరం వేయొచ్చు. అంకెలను శబ్దంగా మార్చే పనిని అది డబ్బా బయట చేస్తుంది.

కేసెట్ ఎక్కించే ముందు

ముందు కేసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న పలకలు విరిచేయాలి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా గొంతు చెరిగిపోదు. టేప్‌రికార్డర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవాలి. ఆడియో తీగను కంప్యూటర్ లైన్ ఇన్‌కు కలపాలి. కొత్త చిన్న పెట్టెలకు ఆ రంధ్రం ఉండదు కాబట్టి, శబ్దాన్ని లోపలికి తీసుకునే యూఎస్‌బీ పరికరం ఒకటి కావాలి. 2000లో విడుదలైన ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ రికార్డింగ్‌కు చాలు. సూచీ ఎర్ర గీతను తాకకుండా చూసుకోవాలి. తాకితే పగిలిన శబ్దం మళ్లీ అతకదు.

సీడీ నాణ్యతతో గంట రికార్డింగ్‌కు పట్టే చోటు సుమారు 635 ఎంబీ. ఫ్లాక్ పద్ధతిలో కుదిస్తే నాణ్యత చెడకుండానే దాదాపు సగమవుతుంది. గంట నిడివి కేసెట్లు వంద ఉన్నా 64 జీబీ మించదు. చోటు సమస్య కాదు, సమయమే సమస్య. గంట కేసెట్‌కు గంట పడుతుంది. రాత్రికి రెండు చొప్పున వందకు 50 రాత్రులు. కాబట్టి పేరు రాయనివాటిని ముందు తీయాలి. ఎక్కించినదాని నకలు ఒకటి వేరే డిస్కులో, వేరే ఇంట్లో ఉంచాలి. అమ్మమ్మ ఇంకా పాడగలిగితే మైకు పెట్టి ఆ పాటలూ పట్టుకోవచ్చు. డబ్బా మౌనం అప్పుడు మరీ అవసరం. వినేటప్పటి హోరు ఫ్యాన్ ఆపితే పోతుంది, రికార్డులో కలిసిన హోరు ఆ గొంతుతోపాటే ఉండిపోతుంది.

చివరగా ఒక పరీక్ష. రాత్రి పది దాటాక సీలింగ్ ఫ్యాన్ ఆపి, పాట పెట్టకుండా, వినే కుర్చీలో ఒక నిమిషం కూర్చోవాలి. గోడ గడియారం టిక్కుటిక్కు వినిపిస్తూ కంప్యూటర్ వినిపించకపోతే అది నెగ్గినట్టే. ఇక కేసెట్ పెట్టొచ్చు.