పోకెమాన్ గోల్డ్‌లో ఆ ఎలుగుబంటిని తీసేసి మంచి పని చేశారు!

1997 నవంబర్‌లో జపాన్‌లో జరిగిన స్పేస్ వరల్డ్ షోలో పోకెమాన్ గోల్డ్, సిల్వర్ డెమోలు పెట్టారు. గేమ్‌లు రిలీజైంది మాత్రం 1999 నవంబర్‌లో. ఈ రెండేళ్లలో డిజైన్‌లు ఎంతలా మారిపోయాయో 2018లో ఆ డెమోలు లీకయ్యాకే బయటపడింది. ఇక అప్పట్నుంచి ఫ్యాన్స్‌ది ఒకటే గోల: "ఇవే బాగున్నాయి, అనవసరంగా తీసేశారు" అని. నేనైతే ఒప్పుకోను.

ముందు స్టార్టర్స్ సంగతి చూద్దాం. ఫైర్ టైప్‌కి హోనోగుమా అనే ఎలుగుబంటి పిల్ల, వాటర్ టైప్‌కి కురుసు అనే సీల్. రెండూ ముద్దుగానే ఉన్నాయి. కానీ సీల్ ఆకారంలో ఒక పోకెమాన్ మొదటి గేమ్‌లోనే ఉంది కదా, మళ్లీ అదే ఎందుకు? పైగా అప్పటి స్ప్రైట్ సైజు మహా అయితే 56×56 పిక్సెల్స్, తెలుపు నలుపు కలిపి నాలుగే రంగులు. అంత చిన్న బొమ్మలో వీపు మీద మంటతో సిండాక్విల్, పెద్ద దవడతో టోటోడైల్ చూడగానే గుర్తుండిపోతాయి. ఎలుగుబంటి మాత్రం షాపులో దొరికే టెడ్డీ బేర్‌లా ఉంటుంది.

బేబీల గురించి చెప్పక్కర్లేదు. వల్పిక్స్‌కి, మియావ్‌కి, పోనీటాకి, గ్రోలిత్‌కి... అన్నింటికీ ఒక పిల్ల! అసలు పోకెమానే చిన్నగా ఉంటే, దానికి ఇంకా చిన్నది గీయడం లిస్ట్ పెంచడానికే తప్ప దేనికీ పనికిరాదు. పిచూ లాంటి కొన్నింటినే ఉంచడం కరెక్ట్.

నేను తప్పుపట్టేది ఒక్క విషయంలోనే. టాంజెలా, లిక్కిటంగ్, ఫార్‌ఫెచ్డ్‌లకు డెమోలో ఎవల్యూషన్‌లు ఉన్నాయి. బలహీనమైన ఫార్‌ఫెచ్డ్‌కి అది నిజంగా అవసరం. దాన్ని కూడా తీసేశారు. తర్వాత మొదటి రెండింటికి 2006లో, ఫార్‌ఫెచ్డ్‌కి 2019లో కొత్త రూపాలు వచ్చాయి. బొమ్మ నచ్చకపోతే మళ్లీ గీయాల్సింది, ఐడియానే పక్కన పెడితే ఎలా?

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఆరు వారాలు కష్టపడి రాసిన స్క్రీన్‌ని రిలీజ్‌కి ముందు రోజు తీసేశారు. బాగా తిట్టుకున్నా. మొన్న ఆ పాత కోడ్ తెరిచి చూస్తే స్క్రీన్ నిజంగానే చెత్తగా ఉంది. కానీ అది తీర్చాల్సిన యూజర్ సమస్య మాత్రం ఇంకా అలాగే ఉంది. మళ్లీ రాద్దామని ఈ వారమే టికెట్ పెట్టా.