పెలే గోల్స్: లెక్క అడిగితే అవమానమా?

పెలే గురించి ఎవరు రాసినా 1283 గోల్స్ అన్న అంకె తప్పకుండా వేస్తారు. అవి ఎక్కడెక్కడ కొట్టినవో మాత్రం చెప్పరు. అడిగితే, "అంత గొప్పవాడి దగ్గర లెక్కలేంటండీ?" అంటారు. లెక్క మొదలుపెట్టింది నేనా? అంకె వేసినవాళ్ళే వివరమూ చెప్పాలి కదా!

ఆ 1283లో లీగ్ మ్యాచ్‌లున్నాయి, ప్రపంచ కప్పులున్నాయి, స్నేహపూర్వక మ్యాచ్‌లున్నాయి. సైన్యంలో పనిచేసినప్పుడు సైన్యం జట్టుకి ఆడినవీ ఉన్నాయి. పోనీ, దేశం తరఫున ఎన్ని? ఫిఫా 77 అంటుంది. బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య క్లబ్బులతో ఆడిన మ్యాచ్‌లు కూడా కలిపి 95 అంటుంది. ఈ రెండు అంకెల్లో ఏదీ అబద్ధం కాదు. వేటిని లెక్కపెట్టారో చెప్పకుండా ఏదో ఒకటి మన మొహాన కొట్టడమే మోసం.

అభిమానుల సంగతి ఇలా ఉంటే, కోతలు కోసేవాళ్ళు ఇంకో రకం. 2020 డిసెంబరులో మెస్సీ బార్సిలోనాకి 644వ గోల్ కొట్టాడు. ఒకే క్లబ్బుకి పెలే కొట్టిన 643ని దాటేశాడన్నారు. పెలే ఆడిన శాంతోస్ క్లబ్బు ఒప్పుకోలేదు. తమ లెక్క 1091 అనీ, స్నేహపూర్వక మ్యాచ్‌ల్లోని 448 గోల్స్ ఎలా తీసేస్తారనీ అడిగింది. పాత క్లబ్బు చాదస్తమని కొట్టిపారేయడం తేలికే. కానీ ఆ రోజుల్లో శాంతోస్ దేశదేశాలూ తిరిగి ఆడేది. ఇంటర్ మిలాన్ లాంటి పెద్ద జట్లతోనూ ఆడింది. టీవీ డబ్బు లేని కాలంలో జట్టుకి ఆ పర్యటనలే ఆధారం. వాటన్నిటినీ ఉత్తుత్తి ఆటలనడం నాకు అన్యాయంగానే తోస్తుంది. అలాగని అన్నీ ఇంటర్ మిలాన్‌తో ఆడినవీ కావు. ఏది ఏదో విడదీసి చూపిస్తే చదివేవాడే తేల్చుకుంటాడు.

ఈ గొడవ మనకెందుకంటారా? 1977 సెప్టెంబరు 24న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పెలే న్యూయార్క్ కాస్మోస్ తరఫున మోహన్ బగాన్ మీద ఆడాడు. 2-2తో డ్రా అయింది. పెలే గోల్ కొట్టలేదు. మోహన్ బగాన్‌కి గోల్ కొట్టినవాళ్ళలో మన హైదరాబాదు వాడు మహమ్మద్ హబీబ్ ఉన్నాడు. పెలే వచ్చాడని చెప్పుకునేవాళ్ళలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు?

అది కూడా స్నేహపూర్వక మ్యాచే. అలాంటివి లెక్కలోకి రావంటే హబీబ్ గోలూ ఎగిరిపోతుంది. అన్నీ ఒకటే కుప్పలో పోస్తే అది ఎవరికీ కనపడదు. ఏ ఆట, ఎవరి మీద, ఎవరు కొట్టారు అని ఓపిగ్గా రాసుకుంటేనే హబీబ్ లాంటివాళ్ళు మిగులుతారు.

కాబట్టి 1283 అని రాయండి, నాకేం అభ్యంతరం లేదు. పక్కనే ఇంకో వాక్యం వేసి, అందులో ఏవేవి కలిశాయో చెప్పండి. దానివల్ల పెలే చిన్నవాడైపోడు.