తీర్మానం కౌంటరు దాకా రావాలి

2020 ఫిబ్రవరి పాతబస్తీ వాసులకు రెండు కారణాలుగా గుర్తుండిపోయింది. గ్రేటర్ హైదరాబాద్ నగర పాలక సంస్థ సర్వసభ్య సమావేశం పౌరసత్వ సవరణ చట్టాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది ఆ నెలలోనే. ఇదే నగరంలో 127 మందికి ఆధార్ ప్రాంతీయ కార్యాలయం నుంచి నోటీసులు వచ్చిందీ ఆ నెలలోనే. భారత పౌరులమని రుజువు చేసుకోవాలన్నది ఆ నోటీసుల సారాంశం. అందుకున్నవారిలో పాతబస్తీకి చెందిన ఒక ఆటో డ్రైవరూ ఉన్నారు. ఆధార్‌కూ పౌరసత్వానికీ సంబంధం లేదని ఆ సంస్థ తర్వాత వివరణ ఇచ్చుకుంది. కానీ ఆలోగా ఎన్ని ఇళ్లలో ఇనుప పెట్టెలు తెరుచుకున్నాయో, ఎందరు తల్లులు పాత కాగితాలు ముందేసుకుని కూర్చున్నారో మనకు తెలుసు.

ఆ తీర్మానాన్ని మేము తక్కువ చేయబోము. నిజమే, 150 మంది సభ్యుల ఆ కౌన్సిల్‌కు 2016లో జరిగిన ఎన్నికల్లో టీఆర్ఎస్ నుంచి 99 మంది, మజ్లిస్ నుంచి 44 మంది గెలిచారు కనుక అది నెగ్గడానికి పెద్ద సాహసమేమీ అవసరం లేకపోయింది. అయినా ఒక నగరం తన పౌరులను మతాన్నిబట్టి విడదీయరాదని అధికారికంగా చెప్పడం చిన్న విషయం కాదు. అదే నెల 3న అమెరికాలో సియాటిల్ నగర కౌన్సిల్ ఇదే చట్టాన్ని ఖండించింది. మార్చి 16న తెలంగాణ శాసనసభ కూడా, చట్టంలోంచి మతాల ప్రస్తావనను, దేశాల ప్రస్తావనను తొలగించాలని కేంద్రాన్ని కోరింది. తనకే జనన ధ్రువపత్రం లేదని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ సభలో చెప్పిన మాట విని చాలామంది నవ్వారు. కాగితం లేనివాడి పేరు చంద్రశేఖరరావు అయితే అది నవ్వులాటే. మరో పేరైతే?

పౌరసత్వం రాజ్యాంగం ప్రకారం కేంద్ర జాబితాలోని అంశం. నగర పాలక సంస్థ తీర్మానం ఆ చట్టంలో ఒక్క అక్షరాన్నీ మార్చలేదు. 2024 మార్చి 11న కేంద్రం నియమావళిని ప్రకటించినప్పుడు ఏ నగరం తీర్మానమూ అడ్డు నిలవలేదు. మరి స్థానిక ప్రభుత్వం చేయగలిగిందేమిటి? ఈ ప్రశ్నకు జవాబు ఢిల్లీలో లేదు, మన సర్కిల్ కార్యాలయంలోనే ఉంది. జనన మరణాల రిజిస్టరు నగర పాలక సంస్థ చేతిలోనిది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టినవారికి పుట్టిన తేదీకీ, స్థలానికీ జనన ధ్రువపత్రమే ఏకైక ఆధారమని సవరించిన చట్టం చెబుతోంది. బడిలో చేరడం మొదలు పాస్‌పోర్టు దాకా అంతా ఆ ఒక్క కాగితం మీదే నిలుస్తుంది. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో నమోదైతే చిక్కు లేదు. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. రోజు కూలికి వెళ్లే తండ్రి అందుకోసం ఎన్ని రోజుల కూలి వదులుకోవాలి?

2023లోనే నగర పాలక సంస్థ వేల సంఖ్యలో జనన ధ్రువపత్రాలను మూకుమ్మడిగా రద్దు చేసింది. అవసరమైన ఆధారాలు జతచేయకుండా మీసేవ ద్వారా జారీ అయ్యాయన్నది కారణం. దళారులు డబ్బు గుంజిన మాట వాస్తవం, వారిని శిక్షించాల్సిందే. కానీ దళారి మోసం చేశాడని బిడ్డ పుట్టుక అబద్ధమవుతుందా? రద్దు చేసే ముందు ప్రతి కుటుంబాన్నీ పిలిచి, ఆసుపత్రి చీటీయో మరేదైనా ఆధారమో చూపే అవకాశం ఇచ్చి ఉండాల్సింది. చట్టాన్ని ఖండిస్తూ చేయెత్తిన సంస్థే, ఆ చట్టం నుంచి కాపాడగల కాగితాన్ని ఇలా వెనక్కి తీసుకోవడాన్ని మేము ఎలా అర్థం చేసుకోవాలి?

ఇక పేర్ల సంగతి. ఒకే మనిషి ఆధార్‌లో మహమ్మద్, ఓటరు కార్డులో ఎండీ, బడి రికార్డులో మొహమ్మద్. అతని భార్య ఒకచోట బేగం, ఇంకొకచోట బీ, ఖాజీ ఇచ్చిన సియాహనామాలో సుల్తానా. గుమస్తా చేతిరాతలోంచి పుట్టిన ఈ తేడాలే అస్సాంలో ఎందరో పేదల కొంప ముంచాయి. 2019 ఆగస్టు 31న వెలువడిన అక్కడి పౌర జాబితాలో 19 లక్షలకు పైగా జనం పేర్లు గల్లంతయ్యాయి. మన రాష్ట్రంలో ఉర్దూ 2017 నుంచి రెండో అధికార భాష. కౌంటరు వద్ద ఉర్దూ చదవగల ఉద్యోగి ఒక్కరున్నా ఈ తప్పుల్లో సగం మొదట్లోనే ఆగుతాయి.

2020 అక్టోబరు వరదల్లో ఫలక్‌నుమా అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబానగర్ ఇళ్లలోకి నీరు చేరింది. బియ్యం తడిసింది, పరుపులు తడిశాయి, కాగితాలూ తడిశాయి. బియ్యం మళ్లీ కొన్నారు. కాగితాల కోసం కొందరు ఇంకా తిరుగుతున్నారు.

అందుకే మా కార్పొరేటర్లను ఇప్పుడు మరో తీర్మానం అడగడం లేదు. బడులు తెరిచే జూన్‌కు ముందే చార్మినార్ జోన్‌లోని ప్రతి వార్డులో జనన నమోదు, పేర్ల సవరణ శిబిరం పెట్టించండి. వరదలో పోయిన పత్రాలకు రుసుము లేకుండా నకళ్లు ఇప్పించండి. రద్దయిన పత్రాల జాబితాను వార్డులవారీగా బయటపెట్టించండి. ఇందుకు ఢిల్లీ అనుమతి అక్కరలేదు. మసీదు కమిటీలూ, యువజన సంఘాలూ శుక్రవారం నమాజు తర్వాత ఒక బల్ల వేసుకుని కూర్చుని, ఎవరి ఇంట ఏ కాగితం లేదో రాసిపెట్టుకుంటే ఆ జాబితాతోనే సర్కిల్ కార్యాలయానికి వెళ్లవచ్చు.