బొజ్జన్నకొండమీద కనుమ తీర్థము

ఊరి పేరు ఊరి చరిత్రకు తొలి శాసనము. రాతిమీది శాసనమును చదువుటకు లిపి తెలిసిన పండితుడు కావలెను. పేరునైతే పసిపిల్లవాడు సైతము దినమునకు పదిమార్లు పలుకుచుండును. అయినను, పలుకుచున్న మాటకు అర్థమేమని అడుగువారు అరుదు. అనకాపల్లికి చేరువనున్న శంకరము గ్రామము ఇందుకు నిదర్శనము. ఆ పేరు వినగానే శివుడు స్ఫురించును. కాని బౌద్ధ భిక్షువులు నివసించిన సంఘారామమే జనుల నోట నలిగి శంకరమైనదని చరిత్రకారుల అభిప్రాయము.

ఆ గ్రామమును ఆనుకొని రెండు చిన్న కొండలు గలవు. తూర్పు దిక్కున నున్నది బొజ్జన్నకొండ. పడమటి దిక్కున నున్నది లింగాలకొండ. 1907వ సంవత్సర ప్రాంతమున అలెగ్జాండర్ రే అను పురావస్తు శాఖాధికారి ఇచట త్రవ్వకములు జరిపించెను. ఇటుక కట్టడములు, భిక్షువులు నివసించిన గదులు, నాణెములు బయల్పడినవి. ఆ నాణెములలో సముద్రగుప్తుని బంగారు నాణెము ఒకటి, తూర్పు చాళుక్య రాజ్యమును స్థాపించిన కుబ్జ విష్ణువర్ధనుని రాగి నాణెములు కొన్ని కలవు. క్రీస్తుశకము 4వ శతాబ్ది మొదలు 9వ శతాబ్ది వరకు ఇచట బౌద్ధము వర్ధిల్లినదని పరిశోధకులు అంచనా వేసిరి. కొండను తొలిచిన ప్రధాన గుహలో 16 స్తంభములను మలచిరి. వానిలో కొన్ని విరిగినవి. నడుమ ఏకశిలా స్తూపము, వాకిట ద్వారపాలకులు, పైన ఆసీనుడైన బుద్ధుడు కానవత్తురు.

బౌద్ధము క్షీణించి, భిక్షువులు కనుమరుగైన పిదప ఈ కొండలకు అర్థము చెప్పువారు లేకపోయిరి. అయినను జనులు వానిని విడిచిపెట్టలేదు. కంటికి తోచిన పోలికనుబట్టి పేర్లు పెట్టుకొనిరి. పడమటి కొండమీద బారులు తీరిన రాతి స్తూపములు వారికి శివలింగములవలె తోచినవి. అందుచే అది లింగాలకొండ యైనది. తూర్పు కొండకు మొదట బుద్ధుని పేరే యుండెననియు, అదియే మారి బొజ్జన్నకొండ యైనదనియు పెద్దలు చెప్పుదురు. బుద్ధుని మరచిన చెవికి ఆ పేరులో బొజ్జ యొక్కటే వినబడియుండునని నా ఊహ. ఏలయన, ప్రతి సంవత్సరము కనుమ పండుగనాడు వేలాది జనులు అచటికి చేరి, కొండమీది గుండ్రని ఆకృతి నొకదానిని రాక్షసుని పొట్టగా భావించి, దానిపై రాళ్ళు రువ్వు ఆచారము చిరకాలము సాగినది.

ఈ రెండు పేర్లను ప్రక్క ప్రక్కన నిలిపి చూడుడు. స్తూపము గుండ్రనిదే, శిల్పి ఉద్దేశము ఒక్కటే. లింగమని తలచిన చోట గౌరవము నిలిచినది. రాక్షసుని పొట్ట యని తలచిన చోట రాళ్ళు పడినవి. రాయి రువ్విన రైతుకు బుద్ధునిపై ద్వేషము లేదు. తండ్రి రువ్వెను గనుక తానును రువ్వెను. చెడును తరిమితిమని తృప్తిపడి, పిల్లల చేయి పట్టుకొని తీర్థమునుండి ఇంటికి మరలెను. అతనికి నిజము చెప్పినవారెవరు? చెప్పవలసినవారు చెప్పనప్పుడు దోషము అతనిదొక్కనిదే యనుట న్యాయము కాదు.

పురావస్తు శాఖవారి యొక్కయు, ఇన్‌టాక్ సంస్థవారి యొక్కయు ప్రయత్నముచే ఈ రాళ్ళ ఆచారము ఆగినది. సంతోషమే. కాని ఆపుటతో పని ముగిసినదా? ఒక ఆచారమును తొలగించి, ఆ స్థానమున మరియొక భావమును నిలుపనిచో అచట శూన్యమే మిగులును. రువ్వవద్దని చెప్పితిమి, ఏల రువ్వరాదో ఎంతమందికి చెప్పితిమి?

కొందరు మిత్రులు తీర్థమునే మాన్పించుట మేలందురు. జనసమ్మర్దము వలన శిథిలములకు హాని కలుగునని వారి భయము. భయము నిరాధారము కాదు. ఏకశిలా స్తూపముపై కెక్కి ఆడుట, గుహ గోడలపై పేర్లు గీయుట మన దేశమున చూడని వింతలు కావు. అయినను జనులు రాని కట్టడమునకు రక్షణ హెచ్చునని తలచుట పొరపాటు. అమరావతి కథను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఆ మహాచైత్యము ఏమిటో మరచి, జనులు దానిని దీపాలదిన్నె యనిరి. 1797లో కర్నల్ మెకంజీ చూచుటకు వచ్చునాటికే దాని ఇటుకలు, రాళ్ళు కొత్త కట్టడములకు తరలిపోవుచుండెను. అతడు 1816లో మరల వచ్చునప్పటికి మరెంతయో నశించినది. మిగిలిన శిల్పములలో పెక్కు నేడు చెన్నై, లండన్ మ్యూజియములలో నున్నవి. ఆ దిన్నె తమదని చెప్పుకొను జనులు చుట్టును లేకపోవుటయే ఆ నష్టమునకు మూలము. శంకరమునకు అట్టి దుర్గతి లేదు. పిలువకుండనే ఏటేట వేలాది జనులు వచ్చు భాగ్యము దానికి కలదు. ఏ మ్యూజియమునకు అట్టి భాగ్యము దొరకును?

మరికొందరు జనుల నమ్మకములలో మనకు జోక్యమేల యందురు. నమ్మకమును అవమానింపనక్కరలేదు. కనుమనాడు కొండ కెక్కుట, బంధువులతో కూడుట, పిల్లలకు చిరుతిండ్లు కొనిపెట్టుట చక్కని సంప్రదాయమే. దానిని నిలిపి, దానికి కథ నొకటి చేర్చవలెనని మాత్రమే నా మనవి.

ఆ కథను చేర్చగలవారు ఉపాధ్యాయులు. సంక్రాంతి సెలవులకు ముందు వారమున చుట్టుప్రక్కల పాఠశాలలలో ఈ కొండలనుగూర్చి ఒక్క పాఠము చెప్పిన చాలును. సముద్రగుప్తుడు ఎచ్చటి రాజు, అతని నాణెము ఇచటి కెట్లు చేరెనని అడిగిన విద్యార్థికి ఉత్తరదేశ చరిత్ర పుస్తకమునుండి లేచి తన ఊరికి వచ్చినట్లుండును. పై తరగతుల పిల్లలు కొండల పటమును గీయవచ్చును, స్తూపముల బారులను లెక్కింపవచ్చును, ఊరి పెద్దలను కలిసి చుట్టుప్రక్కల పొలముల పేర్లను, చెరువుల పేర్లను వ్రాసికొనవచ్చును. కనుమనాడు పదిమంది విద్యార్థులు కొండ మెట్లకడ నిలిచి, వచ్చిన అవ్వలకు, తాతలకు ఇంటి మాటలలో ఆ కథ చెప్పిరేని, అది ఇనుప కంచె చేయలేని రక్షణ. 1958 నాటి చట్టము కట్టడములను కాపాడుటకు అధికారమిచ్చినది. కాపాడవలెనను కోరికను పుట్టించుట చట్టమునకు సాధ్యము కాదు. అది బడిలో పుట్టవలెను.

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి ప్రత్యేక జిల్లా యైనది. కొత్త జిల్లాకు కార్యాలయములు, బోర్డులు వెంటనే వచ్చును. తన కథ తనకు తెలియుటకు కొంత శ్రమ కావలెను. గురజాడ అప్పారావుగారు 1862లో జన్మించిన రాయవరము ఈ జిల్లాలోనిదే. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళము పోలీసు ఠాణాపై దాడి చేసిన కృష్ణదేవిపేట ఈ జిల్లాలోనిదే. ఆయన సమాధియు అచటనే యున్నది. లక్కపూత బొమ్మల ఏటికొప్పాక ఈ జిల్లాలోనిదే. ఎవరి ఊరికి దగ్గరనున్న దానితో వారు మొదలిడవచ్చును.

శంకరము వారు మొదలిడవలసినది కనుమనాడు. ఒకప్పుడు తండ్రి చేతినుండి రాయి నందుకొన్న కొడుకు, ఇప్పుడు తన కొడుకుచేత ఆ కొండ కథను విననిండు. తీర్థమును ఆపనక్కరలేదు.